పాలు మానిన గొర్రెపిల్ల సెగ తగ్గించుకుంటుంది

పాలు మాన్పించి వారం తిరక్కముందే గొర్రెపిల్ల రక్తం తీసి చూస్తే టి3 అనే థైరాయిడ్ హార్మోను తగ్గి కనిపించవచ్చు. అది చూసి పిల్లకి థైరాయిడ్ జబ్బు వచ్చిందనుకోవడం తప్పు. ఆ తప్పు నేను చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పశువైద్యం మొదలుపెట్టిన కొత్తలో ఒక మందను చూడమని పిలిచారు. రెండున్నర నెలల పిల్లలన్నిటినీ ఒకే రోజు తల్లుల నుంచి విడదీశారు. అదే రోజు కొత్త దొడ్డికి తోలారు. అప్పటిదాకా అవి రుచి చూడని దాణా కూడా అదే రోజు ముందు పెట్టారు. నేను వెళ్లింది ఆరో రోజున. పిల్లలు తలలు వాల్చి నిలబడి ఉన్నాయి, డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. ముందురోజు రాత్రి వాన పడితే తెల్లారేసరికి రెండు పిల్లలు చలికి బిగుసుకుపోయి చచ్చి పడి ఉన్నాయట. జ్వరం లేదు, పారుడు లేదు, పెంటికల్లో పురుగు గుడ్లు చెప్పుకోదగ్గన్ని లేవు. రక్తం తీసి పంపించాను. ఇంకో థైరాయిడ్ హార్మోను టి4 కొంచెం తగ్గి వచ్చింది, టి3 బాగా తగ్గి వచ్చింది. థైరాయిడ్ తక్కువైతే మందకొడిగా ఉంటాయి, ఎదుగుదల ఆగిపోతుంది, చలికి తట్టుకోలేవు అని చదువుకున్నదంతా కళ్ల ముందు నిలబడ్డట్టే అనిపించింది. అయోడిన్ ఎక్కువగా ఉన్న ఖనిజ మిశ్రమం రాసిచ్చి వచ్చేశాను.

పిల్లలు రెండు వారాల్లో తేరుకున్నాయి. అయోడిన్ వల్లే అని చాలాకాలం నమ్మాను.

ఆ నమ్మకాన్ని కదిపింది ఆ మందను చూసుకునే పెద్దాయన. తరవాతెప్పుడో మాటల మధ్య, "ఆ రోజు రక్తమైతే తీశారు గానీ, పిల్లలు నెమరేస్తున్నాయో లేదో చూళ్లేదు కదా డాక్టరు గారూ" అన్నాడు. తప్పుపట్టినట్టు అనలేదు, ఉన్నమాట అన్నాడు. నేను నిజంగానే చూడలేదు. దాణా తొట్టి కూడా చూడలేదు. మొదటి నాలుగైదు రోజులు పిల్లలు దాణా వాసన చూసి వెళ్లిపోయాయని, తినడం మొదలుపెట్టిన మూణ్ణాలుగు రోజులకే గెంతులు మొదలయ్యాయని ఆయన చెప్పాడు. నా మిశ్రమం ఇచ్చినా ఇవ్వకపోయినా అవి తేరుకునేవే.

ఇక్కడ టి3, టి4ల సంగతి కాస్త విడమరచి చెప్పాలి. థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా వదిలేది టి4ని. అందులో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి. కణాల్లోకి వెళ్లి నిజంగా పనిచేయించేది మాత్రం టి3. కాలేయం, మూత్రపిండాలు, మరికొన్ని చోట్ల ఉండే ఎంజైములు టి4లోంచి ఒక అయోడిన్‌ను తీసేస్తే టి3 తయారవుతుంది. ఏ అయోడిన్ పోయిందన్నది ముఖ్యం. బయటి వలయంలోది పోతే చురుకైన టి3 వస్తుంది. లోపలి వలయంలోది పోతే రివర్స్ టి3 వస్తుంది, దానివల్ల ఆ పని జరగదు. అంటే గ్రంథి చక్కగా ఉండి, టి4 చాలినంత ఉండి కూడా, శరీరం తనకు తానుగా టి3ని తగ్గించుకోగలదు. పొయ్యిలో కట్టెలున్నా సెగ తగ్గించినట్టు.

మేత తగ్గిన గొర్రె చేసేది సరిగ్గా ఇదే. ఆకలి మీదున్నప్పుడు కాలేయంలో టి4 నుంచి టి3 తయారవడం తగ్గుతుంది. కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోను తగ్గుతుంది. మెదడులోని హైపోథాలమస్ కూడా థైరాయిడ్‌ను తొందరపెట్టడం మానుకుంటుంది. ఎదుగుదల హార్మోను రక్తంలో పెరిగినా, దాని మాట విని కాలేయం విడుదల చేయాల్సిన, ఎదుగుదలను నడిపే ఐజీఎఫ్-1 పడిపోతుంది. ఇవన్నీ ఒకే దిక్కుకి పోతాయి: ఖర్చు తగ్గించు, ఉన్నదాన్ని కాపాడు. నెమరువేసే జంతువు శరీరం వాడే ఆక్సిజన్‌లో సగానికి దగ్గరగా పొట్ట, పేగులు, కాలేయమే వాడేస్తాయి. టి3 తగ్గితే ఆ ఖర్చు తగ్గుతుంది. మళ్లీ మేత అందితే టి3 లేస్తుంది, పిల్ల కోల్పోయిన బరువును వేగంగా పూడ్చుకుంటుంది. ఇంత చక్కగా పనిచేస్తున్న ఏర్పాటును నేను జబ్బు అని రాశాను.

అసలు నా చేతిలో ఉన్న కాగితంలోనే నా తప్పు కనిపిస్తోంది, నాకు చదవడం రాలేదు అంతే. అయోడిన్ లోపంలో ముందు పడిపోయేది టి4. ఉన్న కాస్త అయోడిన్‌తో గ్రంథి టి3నే ఎక్కువగా తయారుచేసి దాన్ని నిలబెట్టడానికి చూస్తుంది. పీయూష గ్రంథి నుంచి, థైరాయిడ్‌ను పనికి పురిగొల్పే టీఎస్‌హెచ్ హార్మోను పెరుగుతుంది, గ్రంథి ఉబ్బి గొంతు కింద చేతికి తగులుతుంది. నా పిల్లల్లో వచ్చింది దీనికి తిరగబడిన లెక్క: టి4 కొంచెం తగ్గింది, టి3 బాగా తగ్గింది, గొంతులో వాపు లేదు. సెలీనియం లోపమైతే ఇంకో రకంగా ఉంటుంది. టి4ని టి3గా మార్చే ముఖ్యమైన ఎంజైములో సెలీనియం ఉందని 1990లో తేలింది. అది చాలకపోతే టి3 తగ్గుతూ టి4 పేరుకుంటుంది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆకలిని ఆకలిగానే గుర్తుపట్టవచ్చు.

ఇంతకీ పాలు మానడం దగ్గర పిల్ల ఎందుకు ఆకలి పాలవుతుంది? ముందు మేత ఉంది కదా, తినొచ్చు కదా అని చాలామంది అంటారు. తినడం వేరు, తిన్నది ఒంటపట్టడం వేరు. పుట్టినప్పుడు గొర్రెపిల్ల పేరుకే నెమరువేసే జంతువు. దాని నాలుగు అరల పొట్టలో అప్పటికి పెద్దది నాలుగో అర. పిల్ల పొదుగు చీకినప్పుడు అన్నవాహిక చివర ఒక గాడి గొట్టంలా మూసుకుని పాలను మొదటి అరల్లో పడనివ్వకుండా తిన్నగా నాలుగో అరకు చేరుస్తుంది. మనం రూమెన్ అనే మొదటి పెద్ద అర అప్పటికి పలచటి సంచి. రెండు మూడు వారాల వయసులో పిల్ల పరకలు కొరకడం, నెమరేయడం మొదలుపెడుతుంది. అప్పటినుంచి సూక్ష్మజీవులు అక్కడ కాపురం పెట్టి మేతను పులియబెడతాయి. ఆ పులిసిన దాంట్లోంచి వచ్చే బ్యుటిరిక్ ఆమ్లమే ఆ సంచి గోడల మీద బొడిపెలను పెంచుతుంది. బొడిపెలు పెరిగితేనే పులిసిన సారాన్ని పీల్చుకోగల వైశాల్యం వస్తుంది. పొట్ట నింపడానికి గడ్డి చాలు, బొడిపెలు త్వరగా లేవాలంటే త్వరగా పులిసే దాణా కూడా కావాలి.

అంతకంటే లోతైన మార్పు ఒకటుంది. పాలు తాగే పిల్లకి పాలచక్కెర నుంచి గ్లూకోజు తిన్నగా రక్తంలోకి వస్తుంది, పాలకొవ్వు కావలసినంత వస్తుంది. నెమరువేసే గొర్రెకి పేగుల నుంచి అందే గ్లూకోజు బహు తక్కువ. రూమెన్‌లో తయారైన ప్రొపియోనిక్ ఆమ్లాన్ని తీసుకుని కాలేయమే గ్లూకోజును చేసుకోవాలి. అంటే పాలు మాన్పించిన రోజు మనం పిల్ల నోటి ముందున్న గిన్నెను మార్చడం లేదు, దాని ఒంట్లో ఇంధనం తయారయ్యే దారినే మారుస్తున్నాం. కొత్త దారి సిద్ధంగా లేకుండా పాతది మూసేస్తే, ఆ సందులో పిల్ల చేయగలిగింది సెగ తగ్గించుకోవడమే.

దీనికి తోడు ఒత్తిడి హార్మోను కార్టిసాల్. తల్లికి దూరమైన మొదటి ఒకటి రెండు రోజులు పిల్లల అరుపు విన్నవారికి నేను చెప్పక్కర్లేదు. కంచె వెంట అటూ ఇటూ తిరుగుతాయి, పడుకోవు, తొట్టి వైపు చూడవు. ఆ ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్ టీఎస్‌హెచ్‌ను అణుస్తుంది, టి4 టి3గా మారడాన్నీ అణుస్తుంది. నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే సంగతేమిటంటే, ఈ పిల్ల పుట్టిన రోజున ఇదే కార్టిసాల్ సరిగ్గా దీనికి ఎదురు పని చేసింది. గర్భంలో ఉన్నంతకాలం పిండం రక్తంలో టి3 చాలా తక్కువ, రివర్స్ టి3 ఎక్కువ. తల్లి కడుపులో వెచ్చగా ఉన్నదానికి సెగతో పనేముంది? ప్రసవం దగ్గరపడే రోజుల్లో పిండంలో కార్టిసాల్ ఉప్పెనలా లేచి, కాలేయంలో టి3 తయారీని తెరుస్తుంది. పుట్టిన కొన్ని గంటల్లోనే టి3 ఎగసిపోతుంది. మూత్రపిండాల చుట్టూ ఉన్న గోధుమరంగు కొవ్వు దాని సాయంతో మండి తడి ఒంటి పిల్లను వెచ్చబరుస్తుంది. నెల తిరిగేసరికి ఆ కొవ్వు మామూలు తెల్లకొవ్వుగా మారిపోతుంది.

ఈ చివరి మాటలోనే చలికి చచ్చిన ఆ రెండు పిల్లల సంగతి ఉంది. పుట్టిన రోజున వానకి తట్టుకోవడానికి పిల్ల దగ్గర ఒక పొయ్యి ఉంది. రెండున్నర నెలల వయసులో ఆ పొయ్యి లేదు. వణుకు, మేత పులియడం వల్ల పుట్టే వేడి, ఒంటి మీది ఉన్ని, ఇవే దిక్కు. ఆ వారంలో వాటి పొట్టలో పులియడానికి ఏమీ లేదు, టి3 కూడా తగ్గి ఉంది. అలాంటి రాత్రి పైకప్పు లేని దొడ్డిలో వాన పడింది. అంతకుముందు వారం, తల్లి పక్కన, పాలు తాగి ఉన్నప్పుడైతే అదే వానకి అవి చనిపోయేవి కావని నా గట్టి నమ్మకం. నేను ఆ రోజు చెప్పాల్సింది అయోడిన్ గురించి కాదు, మిగిలిన వాటిని ఆ రాత్రికి కప్పు కిందికి చేర్చమని.

థైరాయిడ్ విషయంలో మనిషి గొర్రెకు ఎంత రుణపడి ఉన్నాడో తలచుకుంటే ఈ పొరపాట్లు నాకు ఇంకా బరువుగా తోస్తాయి. 1891లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో జార్జ్ ముర్రే అనే వైద్యుడు థైరాయిడ్ చచ్చుబడిన 46 ఏళ్ల స్త్రీకి గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసాన్ని సూదితో ఎక్కించాడు. ఆమె తేరుకుని మరో 28 ఏళ్లు బతికింది. అన్నేళ్లలో ఆమెకు 870కి పైగా గొర్రెల గ్రంథుల రసం పట్టిందని లెక్క. హైపోథాలమస్ నుంచి థైరాయిడ్‌కు చేరే ఆజ్ఞ ఏ రూపంలో వెళుతుందో తెలుసుకోవడానికి రోజే గియ్యమాఁ బృందం లక్షల గొర్రెల మెదడు ముక్కలను వడగట్టి, 1969లో అది మూడే అమైనో ఆమ్లాల చిన్న అణువు అని తేల్చింది. పందుల మెదళ్లతో అదే పని చేసిన ఆండ్రూ షాలీతో కలిసి ఆయనకు 1977లో నోబెల్ వచ్చింది. ఆ ఏడాది అదే బహుమతిలో సగం రోజలిన్ యాలోది. రక్తంలో అణుమాత్రంగా ఉండే హార్మోన్లను కొలిచే రేడియో ఇమ్యునోఅస్సే పద్ధతికి అది ఇచ్చారు. నేను ఆ మంద రక్తాన్ని పంపింది అలాంటి పరీక్షకే. ఇంత గొప్ప కొలబద్ద చేతికి వచ్చాక కూడా దాన్ని ఎప్పుడు వాడాలో తెలియకపోవడం కొలబద్ద తప్పు కాదు.

ఎప్పుడు వాడాలన్నది నిజంగానే చిక్కు ప్రశ్న. పుట్టినప్పటి ఎత్తు నుంచి థైరాయిడ్ హార్మోన్లు వారాలు గడిచేకొద్దీ వాటంతటవే దిగుతూ వస్తాయి. చలికి పెరుగుతాయి, ఎండకు తగ్గుతాయి. కాబట్టి పాలు మాన్పించక ముందు ఒకసారి, తరవాత ఒకసారి రక్తం తీసి, తగ్గింది కాబట్టి పాలు మాన్పించడం వల్లే అనడానికి వీల్లేదు. అదే వయసు పిల్లల్ని కొన్నిటిని తల్లుల దగ్గరే ఉంచి, అదే రోజు వాటి రక్తమూ తీయాలి. అప్పుడు కూడా సగమే తెలుస్తుంది. ఎందుకంటే పాలు మాన్పించడం అని మనం ఒకే మాటతో పిలుస్తున్నది మూడు వేరువేరు సంఘటనలు: పాలు పోవడం, తల్లి పోవడం, చోటూ మేతా మారడం. పొదుగుకు సంచి కట్టి తల్లిని పక్కనే ఉంచితే పాలు మాత్రమే పోతాయి. కంచెకి అవతల తల్లి కనబడేలా ఉంచితే పాలూ స్పర్శా పోతాయి, తల్లి చూపూ గొంతూ ఉంటాయి. వీటిని విడివిడిగా చూడకుండా పాలు మాన్పిస్తే థైరాయిడ్ తగ్గుతుంది అని ఒక్క వాక్యంలో తేల్చేసే నివేదికలంటే నాకు నమ్మకం తక్కువ. మూడూ ఒకే రోజు జరిగిన మందలో తగ్గిన టి3, మూడూ విడివిడిగా జరిగిన మందలో కూడా అంతే తగ్గాలని ఎక్కడుంది?

నా వాదన విని, అయితే పాలు ఆలస్యంగా మాన్పించమంటారా అని అడుగుతారు. కాదు. తల్లి పాలు ఈనిన మూడు నాలుగు వారాలకు పతాకస్థాయికి చేరి, ఆ తరవాత తగ్గుతూ పోతాయి. పది పన్నెండు వారాల పిల్ల బతుకుతున్నది ప్రధానంగా మేత మీదే. మేత తక్కువైన కాలంలో తల్లీ పిల్లా ఒకే గడ్డికి పోటీ పడతాయి, తల్లి చిక్కిపోయి వచ్చే చూలుకు సిద్ధం కాలేదు. సీసాపాలతో పెంచే పిల్లలకు అయిదారు వారాలకే పాలు మాన్పించి, బాగా పెంచేవారున్నారు. వారికి సాధ్యమైంది నేను చూసిన ఆ మందలో రెండున్నర నెలలకి కూడా ఎందుకు కాలేదంటే, వారు వయసు ఒక్కటే చూడలేదు, పిల్ల తినే దాణాను తూచారు. రోజుకు సుమారు 250 గ్రాముల దాణాను వరసగా మూడు రోజులు తింటే పాలు ఆపడం అన్నది వారిలో చాలామంది పాటించే కొలత. అది తినగలిగిన పిల్ల రూమెన్ పని మొదలుపెట్టేసిందని అర్థం. నా దృష్టిలో పుట్టిన తేదీ కంటే, బరువు కంటే, ఏ హార్మోను కంటే ఇది నమ్మదగిన గుర్తు.

అందుకు పిల్లలకి రెండో వారం నుంచే దాణా అలవాటు చేయాలి. పిల్లలు దూరగలిగి తల్లులు దూరలేని సందు పెట్టి, లోపల కొద్దికొద్దిగా, ఏ రోజుకారోజు తాజాగా. వాటికి ఎప్పుడూ నీళ్లు అందాలి. రూమెన్‌లో పులియబెట్టే జీవులకు నీరు లేనిదే సాగదు, పాలు గాడి గుండా పక్కదారిన పోతాయి కాబట్టి పాల తడి వాటికి అందదు. విడదీసే రోజున పిల్లల్ని ఉన్నచోటే ఉంచి తల్లుల్ని పంపించాలి. అదే తొట్టి, అదే దాణా, అదే నీడ ఉంటే మూడు మార్పుల్లో ఒకటి తగ్గుతుంది. ఆ వారంలో బొచ్చు కత్తిరించడం, దూరం తోలడం, కొత్త మందలో కలపడం పెట్టుకోకూడదు. తినడం లేదన్న కంగారులో ఒక్కసారిగా దాణా పెంచేస్తే చిటుకు రోగం, ఆమ్లం పెరిగి పొట్ట చెడిపోవడం వచ్చి పడతాయి, టీకా అందని పిల్లలైతే మరీను.

ఉన్ని కోసం పెంచేవారు ఇంకొక్కటి గమనించాలి. సన్నటి ఉన్నినిచ్చే రెండో వరస రోమకూపాలు పుట్టాక మొదటి నెలల్లోనే పక్వానికి వస్తాయి, వాటికి థైరాయిడ్ హార్మోన్లు కావాలి. మేత లేక ఆ రోజుల్లో సెగ మరీ ఎక్కువకాలం తగ్గి ఉంటే బరువు తరవాత పూడవచ్చు గానీ, ఆ కూపాల సంఖ్య పూడుతుందన్న హామీ లేదు.

అయోడిన్‌ను నేను కొట్టిపారేయడం లేదు. ఎదిగే గొర్రెకు కిలో ఎండుమేతలో సుమారు అర మిల్లీగ్రాము అయోడిన్ కావాలి. పాలు తాగినంతకాలం తల్లి పాలలో వచ్చేది ఆగిపోగానే పిల్ల పూర్తిగా నేల మీదా మేత మీదా ఆధారపడుతుంది. అప్పుడు క్యాబేజీ జాతి మేతలు పెడితే వాటిలోని పదార్థాలు గ్రంథికి అయోడిన్ అందకుండా అడ్డుపడతాయి. సుబాబుల్ ఆకు సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. అందులోని మిమోసిన్ రూమెన్‌లో విరిగి గ్రంథిని ఉబ్బించే పదార్థంగా మారుతుంది. దాన్ని హరించే సినర్జిస్టిస్ జోన్సీ అనే సూక్ష్మజీవి కొన్ని మందల రూమెన్‌లలో ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. హవాయిలోని మేకల నుంచి ఆ జీవిని ఆస్ట్రేలియా పశువులకు చేర్చిన రేమండ్ జోన్స్ పేరే దానికి పెట్టారు. రూమెన్ ఇంకా కుదురుకోని పిల్ల ముందు, పాలు మాన్పించిన వారంలోనే, సుబాబుల్ ఆకు కుప్ప పోస్తే అప్పుడు నిజంగానే థైరాయిడ్ దెబ్బతినవచ్చు. అలాంటి మందలో గొంతు తడిమి చూస్తాను, రక్తమూ పంపుతాను. కడుపు నిండా తిని, నెమరేస్తూ, రెండు మూడు వారాలు గడిచాక కూడా టి4 లేవకపోతే అప్పుడు అయోడిన్ మాట ఎత్తుతాను.

మిగతా మందల్లో ఇప్పుడు నా వరస వేరు. సూదుల పెట్టె బండిలోనే ఉంచుతాను. ముందు తొట్టిలో చెయ్యి పెట్టి ఎంత మిగిలిందో, మిగిలింది బూజు పట్టిందేమో చూస్తాను. తరవాత ఎడమ డొక్క మీద అరచెయ్యి ఆన్చి రూమెన్ కదులుతోందేమో గమనిస్తాను. మేత అయ్యాక పిల్లలు పడుకునే వేళ దాకా ఉండి, దవడలు ఆడుతున్నవి ఎన్నో లెక్కపెడతాను. పడుకున్నవాటిలో చాలావరకు నెమరేస్తుంటే ఆ రోజుకి రక్తం తీయను. నెమరేయకుండా చూపు నిలిపి పడుకున్న వాటికి సున్నంతో గుర్తు పెట్టి, ఆ రాత్రికి వాటిని గాలి తగలని మూలకు చేర్పించి, ఒకటో రెండో తల్లుల్ని వెనక్కి తోలుకు రమ్మంటాను.